ముందు గది

"దుర్గా, దొరికిందే! సాక్షి జాడ దొరికింది!"

ఫోను పట్టుకుని శ్రీను వాకిట్లో గెంతులేశాడు.

ఎందుకు గెంతడూ! రేపే నరసరావుపేట కోర్టులో వాయిదా. తండ్రి పిచ్చయ్య రాసిన వీలునామా దొంగదని పెదనాన్న కొడుకు కేసేశాడు. దాని మీద సంతకం చేసిన సాక్షులిద్దరిలో ఒకాయన పోయాడు. మిగిలింది నకరికల్లు మహాలక్ష్మి. ఆమె వచ్చి చెప్తేనే ఇల్లు దక్కేది, లేకపోతే గోవిందా!

"వాళ్ళన్న ఇల్లు తెలిసిందంట. మీ తమ్ముడు అక్కడికే పోతన్నాడు. సాయంత్రానికల్లా ఆమెను తెచ్చేస్తాడు. రేపటిదాకా మన కళ్ళ ముందే ఉండాలి. అవతలోళ్ళకి చిక్కగూడదు."

"ఎక్కడుంచుతావయ్యా?"

"ముందు గదిలో."

"అందులో టైలరమ్మ అద్దెకుందిగా!"

"ఖాళీ చేయిస్తా."

తండ్రి పోయాక శ్రీను, దుర్గ మాచర్ల నుంచి ఈ ఇంటికి వచ్చి మూడు నెలలైంది. వీధంతా టైలరమ్మ అని పిలిచే ఆ మనిషికి శ్రీను ఒక్క కాగితం ముక్క ఇవ్వలేదు. ఇస్తే రేపు హక్కులంటుందని భయం.

"ఇప్పటికిప్పుడంటే ఎట్టా బాబూ? ఒక్క నెలన్నా గడువియ్యి," అంది టైలరమ్మ, కుట్టుమిషను ముందు నుంచి లేస్తూ.

"నెలా లేదు, వారం లేదు. చానా ముఖ్యమైన మనిషి వస్తంది."

"ఎవరు బాబూ?"

"నీకెందుకు? అద్దె కాయితం ఉందా నీ దగ్గర?"

"మీ నాయన నోటిమాటే నాకు కాయితం."

"నేనూ నోటితోనే చెప్తన్నా. ఖాళీ చెయ్!"

ఆవిడ కదల్లేదు. శ్రీనే మంచం, బిందెలు రోడ్డు మీద పెట్టేశాడు. ఏం హుషారో! మిషను కూడా తనే మోసి ఆటో ఎక్కించాడు.

"నోటీసన్నా ఇయ్యకుండా ఏందయ్యా ఇది? తప్పు," అంది దుర్గ. వినేదెవరు?

"చచ్చినా మీ గడప తొక్కను," అంది టైలరమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

ఆటో వెళ్ళిపోయింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

శ్రీను గది కడిగించాడు. కొత్త దుప్పటి పరిచాడు. కోడికూర వండించాడు. నాలుగింటికి ఫోను మోగింది.

"ఏరా వెంకట సాయీ, బయల్దేరారా?"

"బావా, మనమెంత పిచ్చోళ్ళం బావా!" బావమరిది సంబరంగా అరిచాడు. "వాళ్ళన్న ఇప్పుడే చెప్పాడు. మహాలక్ష్మి ఇక్కడ లేదంట, ఎనిమిదేళ్ళ నుంచీ మీ ముందు గదిలోనే మిషను కుట్టుకుంటా ఉందంట!"