సింగపూర్ నీళ్లలో పటిక

సింగపూర్ హోటల్ గదిలో మంగతాయారు జగ్గు నిండా కుళాయి నీళ్లు పట్టి, చల్లపల్లి నుంచి తెచ్చుకున్న పటిక ముక్కను అందులో గిరగిరా తిప్పింది.

“కుళాయి నీళ్లు తాగొచ్చని గైడు చెప్పాడుగా!” ఎరువుల కంపెనీ డీలర్లకిచ్చిన టూరుకి ఆమెను వెంటబెట్టుకొచ్చిన మొగుడు గోవర్ధనరావు తల కొట్టుకున్నాడు.

“వాడి సొమ్మేం పోయింది? విరోచనాలు పట్టుకుంటే బాత్రూముకి తిరిగేది వాడా, మనమా? మడ్డి దిగనివ్వండి.”

ఇద్దరూ జగ్గుకి కాపలా కూర్చున్నారు. ఎంతసేపటికీ అడుగున ఏమీ చేరలేదు.

“మన పటిక ఇక్కడ పనిచెయ్యట్లేదండీ,” అంది దిగులుగా.

“దిగడానికి అందులో ఏవుందే? మన కాలవ నీళ్లనుకున్నావా, బిందెడు పడితే చారెడు బురద దిగడానికి? పైగా, పోయినేడు రొయ్యల చెరువులు చూడ్డానికొచ్చిన తెల్లాయన మనింట్లో నీళ్లు ముట్టలేదని ఇప్పటికీ తిడతావు!”

“తిట్టనూ? పొగరుబోతు వెధవ! నా చేత్తో ఇచ్చిన గ్లాసు పక్కన పెట్టి, సంచీలోంచి సొంత సీసా...”

మాట మధ్యలో ఆమె చూపు తన చేతిలోని పటిక మీద పడింది.

పటికను పక్కన పెట్టి, జగ్గులో నీళ్లు గ్లాసులోకి ఒంపుకుని గటగటా తాగేసింది. బురద వాసన లేక నీళ్లు మరీ చప్పగా ఉన్నాయి.

“ఇంతకీ ఆ తెల్లాయనగారి పేరేంటండీ?” అంది మూతి తుడుచుకుంటూ.