కలలో గురక

"కలలో మీరు కనబడ్డారు డాక్టరుగారూ," అంది బట్టలు కుట్టే ఆవిడ. "నేను చెబుతూంటే గురక పెడుతున్నారు."

మనసు డాక్టరు ఉత్సాహంగా పెన్ను మూత తీశాడు.

"అది నేను కాదమ్మా, మీ లోపల నిద్రపోతున్న గురువు. ఆ గురక మీ అంతరాత్మ పిలుపు. ఊఁ, తర్వాత?"

"మీ కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది."

"చూశారా, బయటి చూపు పోయి లోచూపు మొదలైంది. ఇలాంటి కల అందరికీ రాదు. ఎప్పుడొచ్చింది?"

ఆవిడ చీర కొంగు సరిచేసుకుంది.

"కల కాదండీ. మొహం మీద అనలేక అలా అన్నాను. పోయినవారం, ఈ గదిలోనే. మా పాప ఎలా పోయిందో నేను మొదటిసారి నోరు విప్పి చెప్పింది ఆ రోజే. అంతా అయ్యాక మీరు కళ్ళు తెరిచి, 'ఊఁ, తర్వాత?' అన్నారు."