అద్దం బయటి రాఖీ

మా ఆయనకు బ్లడ్ క్యాన్సర్ తిరగబెట్టింది. ఈసారి ఆయన చెల్లెలు కల్పలత ఇచ్చిన మూలకణాలు ఎక్కిస్తే ఒంటికి పట్టాయి. ఇకమీదట ఆయన బ్లడ్ గ్రూపు కూడా ఆమెదేనట. చుట్టాలందరి నోటా కల్పలతే. ఏడడుగులు నడిచిన నా రక్తం ఒక్క చుక్కా పనికిరాలేదు. ఒళ్లు మండింది.

రాఖీ పండుగనాడు కల్పలత బోయిన్‌పల్లి నుంచి ఆసుపత్రికి వచ్చింది. ఇన్ఫెక్షన్ భయంతో లోపలికి నన్నొక్కదాన్నే పంపుతున్నారు.

"దారం సుత లోపలికి తీస్కపోవద్దట," అన్నాను, లోలోపల సంతోషిస్తూ.

కల్పలత గది కిటికీ అద్దంలోంచి అన్నను చూసింది.

"నీకేంది వదినా, అన్న పక్కన కూసుంటవ్. నా రక్తం లోపలికి పోయింది, నేను బయట్నే ఉన్న."

ఆ గొంతులోని మంట నాకు బాగా తెలిసిందే.

చెయ్యి చాపాను. "నాకు కట్టు."

ఆమె ముడి వేస్తుంటే, అద్దం అవతల ఆయన కూడా చెయ్యి చాపాడు.