నడుం లోతు

"జానెడు! జానెడు దాటితే నేనొప్పుకోను" అంది అన్నపూర్ణ, పెరటి గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"జానెడు లోతులో కలువలు పెరగవే! దానికి కొలనెందుకు, బకెట్టు చాలు. మూడడుగులు ఉండాల్సిందే" అన్నాడు గంగాధరరావు.

గుంతలో నిలబడ్డ ఇస్తారి గడ్డపార పక్కన పెట్టి మొగుడూ పెళ్లాల మొహాలు మార్చి మార్చి చూశాడు. నిజామాబాద్ పక్క పల్లె నుంచి ఒమన్ వచ్చి, కంపెనీ క్యాంపులో ఉంటూ సైట్లలో మట్టిపని చేసే మనిషి. శుక్రవారం డ్యూటీ ఉండదు కాబట్టి అజైబాలోని ఈ ఇంటి పెరట్లో కొలను తవ్వడానికి వచ్చాడు. రెండు గంటలుగా తవ్వుతున్నాడు గానీ లోతెంతో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

"సరే, మీరూ మీరూ తేల్చుకోండి. నేను మత్రా బజారుకెళ్లి చేపపిల్లల్ని పట్టుకొస్తాను" అని గంగాధరరావు కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. చేపలంటూ ఇంటికొస్తే లోతు దానంతటదే వస్తుందని ఆయన ధీమా.

"సార్‌కేం, చెప్పి వెళ్తారు. లోపల మా నాలుగేళ్ల పాప ఉంది. స్నిగ్ధ ఒక్కచోట కుదురుగా ఉండే రకం కాదు. నాకు భయం, ఇస్తారీ" అంది అన్నపూర్ణ.

ఇస్తారి నవ్వాడు. "అమ్మా, ఇది మన దిక్కు ఎండ గాదు. జానెడు నీళ్లల్ల చేపల్ని ఇడిస్తే పగటికల్లా పులుసైతది. ఉప్పు కారం మీరేసుకునుడే."

అన్నపూర్ణకు నవ్వొచ్చింది గానీ భయం పోలేదు.

"నా బిడ్డ వాణికి గూడ నాలుగేండ్లేనమ్మా" అన్నాడు ఇస్తారి. "మా అవ్వకు నీళ్లు మోసుడు కష్టమైతుందని ఇంటెనుక హౌజు తవ్వియ్యమని రాయించిన గదా. నడుమంత లోతు. మీ చేత్తోనే రాసిండ్రు, యాది లేదా?"

గుర్తుంది. ఇస్తారికి చదువు రాదు. వచ్చిన ఉత్తరం చదివేదీ, జవాబు రాసేదీ అన్నపూర్ణే. మూడు నెలల క్రితం ఇదే గుమ్మంలో కూర్చుని అతను చెబుతుంటే, నీళ్ల తొట్టి నడుమంత లోతు తవ్వించమని పొల్లు పోకుండా రాసిపెట్టింది. అక్కడి పిల్ల గురించి రాని భయం తన పిల్ల విషయంలోనే వస్తున్నందుకు ఆమెకు కొంచెం సిగ్గేసింది.

"సరేలే. నడుం లోతే తవ్వు" అంది చివరికి.

ఇస్తారి మొహం విప్పారింది. గుంతలోంచి పైకొచ్చి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, ఖర్జూరపు చెట్టుకు తగిలించిన చొక్కా జేబులోంచి నీలం రంగు ఉత్తరం తీశాడు. "నిన్ననే క్యాంపుకొచ్చిందమ్మా. పని అయినంక సదివించుకుందామనుకున్న. మనసాగుతలేదు."

అన్నపూర్ణ జాగ్రత్తగా అంచు చింపి గట్టిగా చదవసాగింది. "కొడుకు ఇస్తారికి మీ అవ్వ కమలవ్వ దీవించి రాయించునది. ఇక్కడ మేమందరం మంచిగున్నం. నువ్వు చెప్పినట్టే హౌజు తవ్విచ్చినం. నీళ్ల తిప్పలు తప్పినయి. వాణి మంచిగున్నది, రోజూ నిన్నే యాది చేస్తది. నువ్వు పానం మంచిగ చూసుకో..."

"జూసిండ్రా!" ఇస్తారి తొడ చరుచుకున్నాడు. "ఏం గాదంటే మీరు ఇనకపోతిరి. ఇంకేం రాసిండ్రు? గా మడత మీద గూడ ఏందో ఉన్నది."

అన్నపూర్ణ కింది మడత విప్పింది. ఇరికించి రాసిన చిన్న అక్షరాలు. చదవడానికి నోరు తెరిచి ఆగిపోయింది. తప్పు చదివానేమోనని మళ్లీ మొదట్నుంచీ కళ్లతోనే చదివింది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఏమైందమ్మా? ఆగిండ్రేంది?"

"ఏం... ఏం లేదు. మీ బర్రె ఈనిందట."

"నిజంగనా? పెయ్యనా, దున్ననా?"

"పెయ్య."

"ఇగ వాణి దానెంబడే తిరుగుతది, అన్నం గూడ తినది!" ఇస్తారి సంబరం పట్టలేక గుంతలోకి దూకాడు. గడ్డపార అందుకుని, ఎడంచెయ్యి మొల దగ్గర ఆనించి చూపించాడు. "నడుమంత అంటే గింతే గదమ్మా?"

"వద్దు!" అన్నపూర్ణ కేక పెరడంతా వినపడింది. "తవ్వొద్దు. పూడ్చెయ్. ఇప్పుడే పూడ్చెయ్ ఇస్తారీ!"

అతను గడ్డపార ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయాడు. "గిప్పుడే గదమ్మా తవ్వుమంటిరి?"

ఆమె లోపలికి పరుగెత్తి, బొమ్మలతో ఆడుకుంటున్న స్నిగ్ధను గుండెలకు అదుముకుంది. నడుమంత లోతు అని రాసిన ఆ కుడిచేతి గుప్పిట్లోనే ఉత్తరం నలిగిపోతోంది. దాని కింది మడత మీద ఇలా ఉంది:

"ఉత్తరం చదివే అమ్మకు దండాలు. ఈ ముక్క మా ఇస్తారికి చదవకుండ్రి, దేశం గాని దేశంల ఒక్కడున్నడు, ఆగమైతడు. పోయిన అమాస నాడు వాణి హౌజుల పడి సచ్చిపోయింది."