ఎడమ చెవికి రెండు గాట్లు

"ఏయ్, ఆగు! నీ జాగ ఎన్కకు గదా, మల్ల ముందలికొచ్చినవేంది?"

కాశీరాం నోట్లోంచి ఈల తీసి ముత్తయ్య సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు. వెనక వస్తున్నవాళ్లు ఒక్కసారిగా కాళ్లు నేలకు ఆనించారు. గంటలు మోగాయి.

రజాకార్ల పీడ వదిలాక వచ్చిన మొదటి పంద్రాగస్టు. సూర్యాపేట నుంచి కోదాడకు మూడు వందల సైకిళ్ల ఊరేగింపు. దారి చూపుతూ ముందు కోదాడవాళ్లు, నడుమ మిర్యాలగూడవాళ్లు, వెనక సూర్యాపేటవాళ్లు. ఇద్దరిద్దరుగా, వరస తప్పకుండా పోవాలి. వరస చూసే పని కాశీరాంది.

"జర పోనియ్యి సారూ" అన్నాడు ముత్తయ్య.

"ఎందుకు? కోదాడల నీకేమన్న పెండ్లి పెట్టిన్రా?"

"మామకు బ్రేకులు దొరుకుతలేవు సారూ!" అన్నాడెవడో వెనక నుంచి. అందరూ నవ్వారు. ముత్తయ్య కూడా నవ్వాడు. యాభై ఏళ్లు దాటాక, ఈ ఎండాకాలమే అతను సైకిల్ నేర్చుకున్నాడు. మోకాళ్ల మీద పుండ్లు ఇంకా మానలేదు. గొర్లు కాసే మనిషికి ఈ వయసులో సైకిల్ ఎందుకని ఎవరూ అడగలేదు.

కాశీరాం చెయ్యి తీయగానే ముత్తయ్య మళ్లీ వరస పక్కకు జరిగాడు. ఒక్కో సైకిల్ వెనకగా వెళ్లి, సీటు ఎడమ పక్క చూసి, ముందుకు పోతున్నాడు.

"ఏంది మామా, సీటు కింద సూస్తున్నవ్?" అన్నాడొక మిర్యాలగూడ మనిషి. "గుడ్డు పెట్టిందా?"

"ఇంక పెట్టలే" అని ముత్తయ్య అతన్ని దాటేశాడు.

కొడుకు కొమురయ్య కొత్త సైకిల్ ఇంటికి తెచ్చిన రోజు ముత్తయ్య మొలలోంచి కత్తి తీసి, సీటుకు ఎడమ పక్క చెవిలా వేలాడే తోలుకు రెండు గాట్లు పెట్టాడు. తన మందలో ప్రతి గొర్రె చెవికీ ఉండే గాట్లే. "ఇది గొర్రెనా నాయినా?" అని కొమురయ్య నెత్తి కొట్టుకున్నాడు. "మందల కలిస్తే ఎట్ల గుర్తుపడ్తవురా?" అన్నాడు ముత్తయ్య.

పోయిన ఏడు ఆషాఢంలో కోదాడ దిక్కు గొర్లు కొనడానికని ఆ సైకిల్ మీదే వెళ్లిన కొమురయ్య తిరిగి రాలేదు. సైకిలూ రాలేదు.

పొద్దున జొన్నరొట్టె మూట కడుతూ భార్య కాటమ్మ చెప్పింది. "మూడు తాలూకల సైకిళ్లు ఒక్కకాడికి వస్తున్నయ్. మన సైకిల్ కనవడ్తే లొల్లి పెట్టకు. తొక్కేటోన్ని దొంగ అనకు. నా కొడుక్కు దినం చెయ్యాల్నా, ఎదురు సూడాల్నా? గదొక్కటి అడిగి రా."

మునగాల దగ్గర మంచినీళ్లకు ఆగారు. సైకిళ్లన్నీ బాట పక్క గట్టుకు ఆనించి ఉన్నాయి. ముత్తయ్య వాటి వెంట నడుచుకుంటూ పోయి, కోదాడవాళ్ల వరసలో ఒకచోట ఆగిపోయాడు.

ఎడమ చెవి. రెండు గాట్లు.

తోలుకు నూనె రాసి ఉంది. చువ్వల మీద తుప్పు లేదు. ఎవరో బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటున్నారు.

చెంబుతో నీళ్లు తాగుతూ ముప్పై ఏళ్ల మనిషి ఒకడు వచ్చాడు. పేరు రామనర్సయ్య.

"ఈ సైకిల్ నీదేనా?" అన్నాడు ముత్తయ్య.

"కాదు పెద్దయ్యా."

ముత్తయ్య ఈ జవాబుకు సిద్ధపడి రాలేదు. "మరెవ్వరిది?"

"పేరు తెలియదు. పోయినేడు మా ఊరి మీద రజాకార్లు పడ్డారు. నా భార్యకు నెలలు నిండినయి. నడిపించుకుంటూ పోతున్నా. వెనక లారీ చప్పుడు. అప్పుడొక పిల్లగాడు ఈ సైకిల్ మీద వచ్చి దిగాడు. 'వదినెను ఎక్కించుకొని పో అన్నా, నేను ఎన్కనే వస్త' అన్నాడు. నైజాం సరిహద్దు దాటేదాకా తొక్కుతూనే ఉన్నా. తుపాకులు పేలినయి. నేను తిరిగి చూడలేదు."

చెంబు గట్టు మీద పెట్టాడు.

"కొడుకు పుట్టాడు. ఇప్పుడు నడుస్తున్నాడు. ఈ గాట్లు చూసి గొల్లకురుమల సైకిల్ అన్నారు. అప్పటినుంచి సంతకు, జాతరకు, పదిమంది కూడిన ప్రతి చోటికీ దీన్నే తొక్కుకుంటూ పోతున్నా. ఎవరన్నా గుర్తుపట్టకపోతారా అని."

ముత్తయ్య బొటనవేలు ఆ గాట్ల మీదే ఉంది. రామనర్సయ్య అప్పుడు చూశాడు.

"పెద్దయ్యా... మీదేనా?"

"మావోనిదే."

రామనర్సయ్య రెండు చేతులతో ముత్తయ్య మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇల్లు చేరాడా పెద్దయ్యా? ఏడాది నుంచి అన్నం దగ్గర కూర్చుంటే అదే గుర్తొస్తుంది. ఉన్నాడా? ఆ ఒక్క మాట చెప్పు."

అది ముత్తయ్య అడగడానికి తెచ్చుకున్న మాట.

ఈల మోగింది. "ఎక్కాలె, ఎక్కాలె! వరసల నిలవడాలె!" కాశీరాం అరుస్తున్నాడు. రామనర్సయ్య హ్యాండిల్‌కు కట్టిన తన జెండా విప్పుకొని, సైకిల్‌ను ముత్తయ్య వైపు తిప్పాడు.

ముత్తయ్య గాట్ల మీది నుంచి వేలు తీశాడు. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ఆ జెండాను మళ్లీ హ్యాండిల్‌కే కట్టి, ముడి గట్టిగా బిగించాడు.

"నువ్వే ఉంచుకో బిడ్డా" అన్నాడు. "మావోడు కొత్తది కొన్నడు."