భుజం మీద రెండు తట్లు

రాత్రి ఎనిమిదింటికి చెల్లెలు ఆగాల్సిన పెట్రోల్ బంకు దాటేసింది. ఒంటరిగా మోటార్‌సైకిల్ మీద ఇంత దూరం వెళ్ళడం ఆమెకు ఇదే మొదటిసారి. ఆ ఉత్సాహంలో ఆగబుద్ధి కాలేదు.

"అప్పుడే దాటేశావా?" బంకు దాటానని చెప్పగానే హెల్మెట్‌లోని ఇయర్‌ఫోన్‌లో అక్క కసిరింది. "నూరు కిలోమీటర్లకోసారి దిగాలని ఎన్నిసార్లు చెప్పానే?"

"కాలు విరిగి మంచమెక్కినా నీ పెత్తనం తగ్గలేదే! బండి గాల్లో తేలిపోతోందక్కా. ఇవాళ నన్నెవరూ ఆపలేరు."

"కళ్ళు మూతలు పడేది నీకు తెలీదు. అందుకేగా నేను వెనక కూర్చునేది!"

ఎప్పుడు వెళ్ళినా అక్క వెనక కూర్చుని, కుడి భుజం మీద రెండుసార్లు తడుతుంది. తట్టగానే చెల్లెలు ఆపాలి. అది వాళ్ళ పద్ధతి.

చెల్లెలు నవ్వి వేగం పెంచింది.

కుడి భుజం మీద ఎవరో రెండుసార్లు తట్టారు.

అలవాటు కొద్దీ బండి పక్కకు తీసి ఆపేసింది. ఇంజన్ ఆగాక ఇంకే చప్పుడూ లేదు.

"ఆగావా? మా బంగారమే! ఎలా మారిందే మనసు?" అంది అక్క.

చెల్లెలు దిగి టార్చి వేసింది. వెనక సీటు మీద కట్టిన సంచి కట్టినట్టే ఉంది. బయల్దేరేటప్పుడు తనే మడిచిన వెనక ఫుట్‌రెస్టులు రెండూ కిందికి దించి ఉన్నాయి.