తడిగరిటె తగువు

ప్రతి ఇంట్లో అనుకున్న ప్రతి మాటా సర్కారువారి పెద్ద యంత్రంలోకి చేరిపోతున్న రోజులవి. అందుకే మొగుడూపెళ్లాల తగువులన్నీ, పాత మాటలు వెతికి కాగితం మీద రాసిచ్చే వార్డు వెతుకుడు కౌంటర్లోనే తేలుతున్నాయి.

ముప్పై ఏళ్ల కిందట ఆవకాయ జాడీలో తడిగరిటె పెట్టి బూజు పట్టించింది గవర్రాజే. ఆ పూటే ఒప్పేసుకున్నానని ఆయన అంటాడు. ఏనాడూ ఒప్పుకోలేదని భార్య మంగతాయారు అంటుంది. ఒప్పుకున్నట్టు కాగితం తెస్తేనే ఈ ఏడు ఆవకాయ పెడతానని ఆవిడ భీష్మించుకుంది.

"ఏ మాట వెతకాలో మైకులో చెప్పండి బాబాయిగారూ. ఒక్క అక్షరం తేడా వచ్చినా దొరకదు," అంది కౌంటర్లో కూర్చున్న రజియా.

"తప్పు నాదే!" అని గవర్రాజు హాలంతా దద్దరిల్లేలా అరిచాడు.

యంత్రం ముప్పై ఏళ్ల మాటలూ గాలించి, ఒక్కచోట దొరికిందని చెప్పింది. గవర్రాజు మీసం దువ్వుకున్నాడు.

"ఈ రోజే, పదకొండూ పదికి, ఈ కౌంటర్ దగ్గరే అన్నారటండీ," అని యంత్రంలోంచి వచ్చిన కాగితం చూసి చదివింది రజియా.

"అది వెతకమని చెప్పిన మాట కదమ్మా!"

"యంత్రానికి ఆ తేడా తెలీదండీ."

పక్కనే నిలబడ్డ మంగతాయారు మొహం చాటంతయింది.

"స్టాంపు గట్టిగా వెయ్యమ్మా," అంది. "ఇంకో ముప్పై ఏళ్లు చెరగకూడదు."